గ, ని దొరికితే కార్డ్ దొరికినట్టే

జాజ్ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద ఈసారి ప్రశ్నలు కట్టలుగా వచ్చాయి. అడిగిన తీరు వేరైనా బాధ మాత్రం ఒక్కటే: పుస్తకంలో షేపులు వందలు, పాటలో చేతికి అందేవి నాలుగు. దగ్గరి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. గిటార్ షేపులను లావుపాటి 6వ తీగ నుంచి సన్నటి 1వ తీగ దాకా వరసగా రాశాం. అంకె వేస్తే అది నొక్కాల్సిన ఫ్రెట్ (మెడ మీది మెట్టు), × వేస్తే ఆ తీగ మోగకూడదు, 0 అంటే ఖాళీ తీగ. కీబోర్డులో ‘మధ్య సి’ అన్నది 61 కీలున్న కీబోర్డు మీద ఎడమ నుంచి మూడో సి.

*

ప్రశ్న: కార్డ్ పుస్తకం చూసి అరవై పైచిలుకు జాజ్ షేపులు బట్టీ పట్టాను. విడివిడిగా బాగానే మోగుతున్నాయి. పాటలో పెట్టేసరికి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేలోపు తాళం దాటిపోతోంది. అసలు ఎన్ని షేపులు వస్తే చాలు?
– గిటార్ విద్యార్థి, హనుమకొండ

ఆరు. మొదటి ఆరు నెలలకు అంతకు మించి వద్దు.

జాజ్ పాటల్లో పదేపదే తగిలేవి మూడు రకాలు: మేజర్ 7, ఉత్త 7 అని రాసే డామినెంట్, మైనర్ 7. కార్డ్ రూట్‌ను, అంటే దాని పేరులోని స్వరాన్ని, షడ్జం అనుకోండి. అప్పుడు ఈ మూడింటి తేడా అంతా గాంధార నిషాదాల్లోనే కనిపిస్తుంది. మేజర్ 7లో అంతర గాంధారం, కాకలి నిషాదం. డామినెంట్‌లో అదే గాంధారం, నిషాదం మాత్రం కైశికి. మైనర్ 7లో సాధారణ గాంధారం, కైశికి నిషాదం. పంచమం మూడింట్లోనూ మారదు కనుక దాన్ని తీసేసినా చెవి మోసపోదు. మిగిలేవి రూట్, గ, ని. ఈ మూడు స్వరాల మూటకే షెల్ అని పేరు.

రూట్ 6వ తీగ మీద ఉంటే:

జి మేజర్ 7: 3-×-4-4-×-×
జి 7: 3-×-3-4-×-×
జి మైనర్ 7: 3-×-3-3-×-×

రూట్ 5వ తీగ మీద ఉంటే:

సి మేజర్ 7: ×-3-2-4-×-×
సి 7: ×-3-2-3-×-×
సి మైనర్ 7: ×-3-1-3-×-×

మెడ మీద పైకీ కిందికీ జరిపితే ఈ ఆరే 12 శ్రుతుల్లోనూ ఈ మూడు రకాల కార్డ్‌లన్నిటికీ సరిపోతాయి. వీటిలో ఒక సంగతి గమనించండి. రూట్ 6వ తీగ మీద ఉన్నప్పుడు 4వ తీగ మీద ని, 3వ తీగ మీద గ ఉంటాయి. రూట్ 5వ తీగకు మారగానే అవి చోట్లు మార్చుకుంటాయి. మీ తాళం నిలబెట్టేది ఈ చోటు మార్పే. సి మేజర్‌లో 2-5-1 వరస (శ్రుతిలోని రెండో, ఐదో, మొదటి స్వరాల మీది కార్డ్‌లు) వాయించి చూడండి:

డి మైనర్ 7: ×-5-3-5-×-×
జి 7: 3-×-3-4-×-×
సి మేజర్ 7: ×-3-2-4-×-×

బేస్ (అట్టడుగు) స్వరాన్ని పక్కన పెట్టి 4, 3 తీగలనే చూస్తే 3-5, 3-4, 2-4. ప్రతి మార్పుకూ కదిలేది ఒక్క స్వరం, అదీ ఒక్క ఫ్రెట్. డి కి నిషాదమైన సి ఒక మెట్టు దిగి జి కి గాంధారం అవుతుంది. డి కి గాంధారమైన ఎఫ్ అక్కడే కూర్చుని జి కి నిషాదం అవుతుంది. పుస్తకం షేపులతో మీ చెయ్యి ప్రతి కార్డ్‌కూ మెడ మీద అటూ ఇటూ దూకుతోంది, అందుకే ఆలస్యం.

వేళ్ల విషయంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. 6వ తీగ షేపులకు చూపుడు వేలితో అన్ని తీగలూ కలిపి నొక్కకండి. మధ్య వేలితో 6వ తీగ నొక్కి, ఆ వేలి కొసను 5వ తీగకు మెల్లగా ఆనిస్తే మధ్యలోని తీగ దానంతట అదే మూగబోతుంది. ఉంగరం వేలు 4వ తీగ మీద, చిటికెన వేలు 3వ తీగ మీద. మైనర్ 7కు ఉంగరం వేలినే వాల్చి రెండూ నొక్కండి. ఇక 2, 1 తీగలు. వాటిని చూపుడు వేలి అడుగు భాగం తాకుతూ ఉండాలి. అలా తాకకపోతే కుడి చెయ్యి జారిన ప్రతిసారీ ఖాళీ తీగ మోగి, షెల్ అందమంతా పోతుంది.

పరీక్షకు బి ఫ్లాట్‌లో 12 బార్ల బ్లూస్ పట్టుకోండి. బి ఫ్లాట్ 7కు 6-×-6-7-×-×, ఇ ఫ్లాట్ 7కు ×-6-5-6-×-×, ఎఫ్ 7కు ×-8-7-8-×-×. 4, 3 తీగల మీద రెండు వేళ్లు 6-7 దగ్గర మొదలై, ఒక ఫ్రెట్ కిందికి దిగితే నాలుగో కార్డ్, ఒక ఫ్రెట్ పైకెక్కితే ఐదో కార్డ్. పాట మొత్తానికీ ఆ చేతికి అంతకంటే పని లేదు.

ఇది నోటికి వచ్చినంత సులువుగా చేతికి వచ్చాక 2వ తీగ మీద ఒక స్వరం కలపండి: ×-5-3-5-5-×, 3-×-3-4-5-×, ×-3-2-4-3-×. డి మైనర్ 9, జి 13, సి మేజర్ 9 వాయించేసినట్టే. పేర్లు పెద్దవయ్యాయి తప్ప కింది మూడు స్వరాలూ పాతవే. జి 13లో ఆ 5ను 4కు దించితే ధైవతం చతుశ్రుతి నుంచి శుద్ధానికి మారి కార్డ్ కాస్త చేదెక్కుతుంది. మైనర్ పాటల్లో ఆ చేదే కావాలి.

షెల్‌తో గడవని చోటు ఒకటుంది, మైనర్ 7 ఫ్లాట్ 5. దాని ప్రాణమంతా తగ్గిన పంచమంలోనే ఉంటుంది కనుక పంచమం వదిలేస్తే అది మామూలు మైనర్ 7గా వినిపిస్తుంది. బి మైనర్ 7 ఫ్లాట్ 5ను ×-2-3-2-3-×గా పట్టుకోండి.

*

ప్రశ్న: ఒక చార్ట్‌లో (పాటకు కార్డ్‌లు రాసిన కాగితంలో) డి మైనర్ 7, డి ఫ్లాట్ 7, సి మేజర్ 7 అని ఉంది. సి మేజర్ పాటలోకి డి ఫ్లాట్ ఎలా వచ్చింది? అచ్చుతప్పా?
– విశాఖపట్నం

అచ్చుతప్పు కాదు. పై జవాబులోని జి 7ను (3-×-3-4) పట్టుకోండి. 4, 3 తీగల మీది వేళ్లను కదపకుండా 6వ తీగ వదిలేసి, 5వ తీగ 4వ ఫ్రెట్ నొక్కండి: ×-4-3-4-×-×. అది డి ఫ్లాట్ 7. జి 7లో బి గాంధారం, ఎఫ్ నిషాదం. డి ఫ్లాట్‌ను షడ్జం చేయగానే ఎఫ్ గాంధారమూ, బి నిషాదమూ అయిపోతాయి. ఈ రెండు స్వరాల నడుమ సరిగ్గా ఆరు అర్ధస్వరాల, అంటే ఆరు ఫ్రెట్ల, దూరం ఉంటుంది. అది ఎటునుంచి కొలిచినా ఆరే కనుక ఈ తిరగబాటు కుదిరింది. ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ అని పిలిచేది దీన్నే. బేస్ డి, డి ఫ్లాట్, సి అని మెట్లు దిగినట్టు దిగుతుంది. పాడేవాళ్లు ఆ చోట డి స్వరాన్ని సాగదీస్తున్నట్టయితే మాత్రం డి ఫ్లాట్ జోలికి పోవద్దు. ఆ రెండూ గుద్దుకుంటాయి.

*

ప్రశ్న: చర్చిలో కీబోర్డు వాయిస్తాను. కుడి చేత్తో పాట, ఎడమ చేత్తో కార్డ్. డి మైనర్ 9, జి 13 పట్టాలంటే ఎడమ చేతికి వేళ్లు చాలడం లేదు. ఎలాగో పట్టినా గుయ్‌మని ముద్దగా మోగుతున్నాయి. ఆటో స్టైల్ ఆన్ చేస్తే నేను పట్టింది ఒకటి, మోగేది ఇంకొకటి.
– గుంటూరు జిల్లా

మూడూ వేర్వేరు జబ్బులండీ. ఒక్కొక్కటీ చూద్దాం.

వేళ్లు చాలకపోవడానికి కారణం రూట్‌ను వదలకపోవడం. బేస్ గిటార్ గానీ కీబోర్డు బేస్ గానీ ఉన్నప్పుడు రూట్ మీరు మళ్లీ కొట్టనక్కర్లేదు. 1950ల చివర్లో బిల్ ఎవాన్స్, వింటన్ కెల్లీ వంటి పియానిస్టులు ఎడమ చేతిని ఇలా తేలిక చేశారు. ఆ తర్వాత అదే అందరి దారీ అయింది. మధ్య సి కి కింద ఉన్న ఎఫ్ దగ్గర చెయ్యి పెట్టి వాయించండి:

డి మైనర్ 9: ఎఫ్, ఎ, సి, ఇ
జి 13: ఎఫ్, ఎ, బి, ఇ
సి మేజర్ 9: ఇ, జి, బి, డి

మొదటి దాన్నుంచి రెండోదానికి వెళ్లడానికి కదిలేది ఒక్క వేలు: సి ని బి కి దించడమే. మూడోదానికి బి నిలబడి ఉంటుంది, మిగతా మూడు వేళ్లూ పక్క కీ మీదికి, అంటే ఒక్కో స్వరం కిందికి, జరుగుతాయి.

ఈ మూడింటికీ రెండో రూపం ఉంది. కింది రెండు స్వరాలను తీసి పైన పెడితే వస్తుంది: సి-ఇ-ఎఫ్-ఎ, తర్వాత బి-ఇ-ఎఫ్-ఎ, తర్వాత బి-డి-ఇ-జి. ఏ శ్రుతిలో ఏ రూపం వాడాలో బట్టీ పట్టకండి. చేతి కింద అట్టడుగు స్వరం మధ్య సి కి, దాని కింది డి కి నడుమ పడే రూపాన్ని, రెండూ పడితే కిందిదాన్ని, ఎంచుకోండి. ఎఫ్ మేజర్‌లో జి మైనర్ 9కు మొదటి రూపం బి ఫ్లాట్ దగ్గర మొదలై కుడి చేతి దారికి అడ్డొస్తుంది. రెండో రూపం ఎఫ్-ఎ-బి ఫ్లాట్-డి అయితే చక్కగా కింద ఒదుగుతుంది.

ముద్దగా మోగడానికి కారణం చోటు. మీ కీబోర్డులో ఎడమ చివరి సి 65 హెర్ట్జ్, దాని దగ్గర్లోనే ఉన్న ఇ 82 హెర్ట్జ్. తేడా 17. చెవి ఆ రెంటినీ విడదీసి వినలేక గరగరలాడే శబ్దంగా అందుకుంటుంది. అదే సి, ఇ జంట మధ్య సి దగ్గర 262, 330. తేడా 68, కాబట్టి రెండూ తేటగా వినిపిస్తాయి. మధ్య సి కి ఒక అష్టకం కిందున్న సి దాటి దిగాక రెండు స్వరాలను దగ్గర దగ్గరగా పెట్టకండి. అక్కడ రూట్ ఒక్కటే, లేదా రూట్, పంచమం. ఈ లెక్కలో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ కూడా మోసం చేస్తుంది. బటన్‌ను మైనస్ 5కు పెట్టి పై షేపులే వాయిస్తే, మీ వేళ్లు ఎఫ్ మీదున్నా మోగేది కింది సి దగ్గర. వేళ్లు సరిగ్గానే ఉన్నాయి కదా, ముద్ద ఎందుకైందా అని తల పట్టుకుంటాం. బటన్ వాడటం పాపమేమీ కాదు గానీ పాట మధ్యలో శ్రుతి మారితే అది ఆదుకోదు.

ఇక ఆటో స్టైల్, అంటే ఎడమ చేతి కార్డ్‌ను గుర్తుపట్టి తాళం, బేస్ యంత్రమే వాయించే సదుపాయం. మీరు ఎఫ్-ఎ-సి-ఇ పట్టారు. మీ మనసులో అది డి మైనర్ 9, యంత్రానికి మాత్రం అచ్చంగా ఎఫ్ మేజర్ 7. అది బేస్‌లో ఎఫ్ కొడుతుంది. తప్పు యంత్రానిది కాదు, ఆ నాలుగు స్వరాల పేరు నిజంగానే అది. స్టైల్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఎడమ చేత్తో డి-ఎఫ్-ఎ-సి అని రూట్‌తో సహా ఇవ్వండి. రూట్ లేని షేపులు కావాలంటే స్టైల్ ఆపాలి, లేదా స్ప్లిట్ (రెండు చేతుల భాగాలను విడదీసే చోటు) దాటాక కుడి వైపున వాయించాలి.

అడగకపోయినా ఒక మాట. పాట షడ్జం మీద ఆగిన చోట మేజర్ 7 మంచిది కాదు. పాడేవాళ్ల షడ్జానికి మీ కాకలి నిషాదం అర్ధస్వరం దూరంలో ఉండి గుచ్చుతుంది. సంఘమంతా సి మీద గొంతెత్తి నిలబడినప్పుడు ఇ-జి-బి-డి బదులు ఇ-జి-ఎ-డి పెట్టండి. నిషాదం పోయి ధైవతం వస్తుంది, అంతే మార్పు.

*

ప్రశ్న: మేజర్‌లో 2-5-1 పట్టుబడింది. మైనర్‌కు వచ్చేసరికి ఇ మైనర్ 7 ఫ్లాట్ 5, ఎ 7 ఆల్టర్డ్, డి మైనర్ 6 – మూడూ మూడు జాతులు. మూడు కొత్త షేపులు నేర్చుకోక తప్పదా? గిటారూ కీబోర్డూ రెండూ వాయిస్తాను.
– డల్లాస్, టెక్సస్

ఒక్కటి చాలు. మైనర్ 6 షేప్. గిటార్ మీద జి మైనర్ 6 ఇలా: 3-×-2-3-3-×. మధ్య వేలు 6వ తీగ మీద, చూపుడు వేలు 4వ తీగ మీద, ఉంగరం వేలు వాల్చి 3, 2 తీగల మీద.

ఇందులో ఉన్నవి జి, ఇ, బి ఫ్లాట్, డి. వీటి కింద షడ్జం మార్చుకుంటూ వెళ్లండి. ఇ ని షడ్జం చేస్తే సాధారణ గాంధారం, తగ్గిన పంచమం, కైశికి నిషాదం: ఇ మైనర్ 7 ఫ్లాట్ 5. సి ని షడ్జం చేస్తే సి 9. ఎఫ్ షార్ప్‌ను షడ్జం చేస్తే శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, అంటే ఆల్టర్డ్. సంగీతం నేర్చినవాళ్లకు గ్రహభేదం కొత్త కాదు. స్వరాలు అవే, ఆధారం మారితే రాగం మారుతుంది. జాజ్‌లో ఆ ఆధారం బార్‌కు ఒకసారి మారుతుంది, తేడా అంతే.

మైనర్ 7 ఫ్లాట్ 5 కావాలంటే దాని రూట్‌కు 3 ఫ్రెట్లు పైనున్న మైనర్ 6. ఆల్టర్డ్ కావాలంటే రూట్‌కు 1 ఫ్రెట్ పైనున్న మైనర్ 6. మామూలు 9 కావాలంటే రూట్‌కు పంచమం మీది మైనర్ 6. మీరడిగిన వరస ఇలా అవుతుంది:

ఇ మైనర్ 7 ఫ్లాట్ 5: 3-×-2-3-3-×
ఎ 7 ఆల్టర్డ్: 6-×-5-6-6-×
డి మైనర్ 6: 10-×-9-10-10-×

చెయ్యి ముందు 3 ఫ్రెట్లు, తర్వాత 4 ఫ్రెట్లు పైకి జరిగింది. ఏ శ్రుతిలోనైనా ఇదే దూరం. సి మైనర్‌లో 1, 4, 8వ ఫ్రెట్ల దగ్గర మొదలుపెట్టండి (మొదటి దాంట్లో 4వ తీగ ఖాళీగా మోగుతుంది).

దీనితో ఒక చిక్కుంది. బేస్ వాయించేవాళ్లు లేకుండా ఒంటరిగా వాయిస్తే రెండో కార్డ్ ఎ 7గా వినిపించదు, ఉత్త బి ఫ్లాట్ మైనర్ 6గానే వినిపిస్తుంది. అట్టడుగు స్వరాన్నే చెవి షడ్జంగా తీసుకుంటుంది మరి. అప్పుడు 6వ తీగ మీది వేలెత్తి ఖాళీ తీగలకు బేస్ పని అప్పగించండి: 0-×-2-3-3-×, తర్వాత ×-0-5-6-6-×. మూడోదానికి 10వ ఫ్రెట్ దాకా పరుగెత్తకుండా దగ్గర్లోనే ×-5-×-4-6-5 పట్టుకోండి. అదీ డి మైనర్ 6యే, రూట్ 5వ తీగ మీద. గిటార్‌కు డి మైనర్ ఇలా ఖాళీ తీగలతో కలిసొచ్చే శ్రుతి. ఇ ఫ్లాట్ మైనర్‌లో ఈ సుఖం ఉండదు.

కీబోర్డుకు గుంటూరు పాఠకుడికి చెప్పిన జి 13నే (ఎఫ్-ఎ-బి-ఇ) వాడుకోండి. కింది నుంచి 4, 2, 5 అర్ధస్వరాల దూరాలున్న షేప్ అది. డి కింద పెడితే డి మైనర్ 6/9. ఈ దూరాలే ఉంచి బి ఫ్లాట్ నుంచి కడితే బి ఫ్లాట్-డి-ఇ-ఎ, ఇది ఇ మైనర్ 7 ఫ్లాట్ 5కు. సి షార్ప్ నుంచి కడితే సి షార్ప్-ఎఫ్-జి-సి, ఇది ఎ 7 ఆల్టర్డ్‌కు. ఇక్కడా అదే లెక్క, మూడు మెట్లు, తర్వాత నాలుగు. కానీ చెయ్యి పైకి ఎగబాకకూడదు కనుక రెండోదాన్ని తిరగేసి జి-సి-సి షార్ప్-ఎఫ్‌గా పట్టండి. అప్పుడు మూడు కార్డ్‌లూ ఒక జానెడులో అయిపోతాయి.

*

ప్రశ్న: వీణ నేర్చుకుంటున్నాను. ‘సో వాట్’ కార్డ్ అని ఒకటుందట. స్నేహితుడు గిటార్ మీద అది వాయిస్తుంటే నాలుగు శ్రుతిలో మోహనం పాడాను. ఎక్కడా తగల్లేదు. అతను మాత్రం అది డి మైనర్ అంటాడు. మోహనంలో మైనర్ ఏమిటి?
– తిరుపతి

మీరిద్దరూ చెప్పింది నిజమే. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ఆ పాటలో బిల్ ఎవాన్స్ పియానో మీద వాయించిన కార్డ్ అది, పాట పేరే దానికి స్థిరపడింది. కింది నుంచి మూడు చతుర్థాలు (ఐదేసి అర్ధస్వరాల దూరాలు), వాటి పైన ఒక అంతర గాంధారపు దూరం. మీ స్నేహితుడు పట్టింది ×-5-5-5-6-5 అయి ఉంటుంది: డి, జి, సి, ఎఫ్, ఎ. చూపుడు వేలు 5వ ఫ్రెట్ అంతటా వాల్చి, మధ్య వేలు 2వ తీగ 6 మీద పెడితే సరి.

ఆ ఐదు స్వరాలను ఎఫ్ నుంచి వరసగా పేర్చండి: ఎఫ్, జి, ఎ, సి, డి. స, రి, గ, ప, ద. అదే మీ నాలుగు శ్రుతి మోహనం, ఒక్క స్వరం ఎక్కువా కాదు తక్కువా కాదు. మోహనానికి గ్రహభేదం చేసి ధైవతాన్ని షడ్జం చేస్తే శుద్ధ ధన్యాసి వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. ఎఫ్ మోహనానికి ధైవతం డి. మీ స్నేహితుడు డి మీద నిలబడి శుద్ధ ధన్యాసి వింటున్నాడు, దాన్నే డి మైనర్ 11 అంటున్నాడు. రిషభమైన జి ని ఆధారం చేస్తే మధ్యమావతి. గాంధారమే లేని ఆ కార్డ్‌ను జాజ్‌వాళ్లు జి 9 సస్ 4 అని రాస్తారు.

ఇంతవరకూ ఆధారం ఆ ఐదు స్వరాల్లోనే ఉంది. కార్డ్‌లో లేని స్వరాన్ని బేస్‌లో పెట్టినప్పుడు ఇంకా బాగుంటుంది. బి ఫ్లాట్ పెట్టండి. అవే ఐదూ ఇప్పుడు గ, ద, రి, ప, ని, అంటే నిండైన బి ఫ్లాట్ మేజర్. ఇ ఫ్లాట్ పెట్టండి. ని, గ, ద, రి, ప్రతి మధ్యమం. షడ్జ పంచమాలు వదిలేసి నడిచే కల్యాణి ప్రయోగం ఉంది కదా, సరిగ్గా ఆ స్వరాలే. జాజ్ చార్ట్‌లో దీన్ని ఇ ఫ్లాట్ మేజర్ 7 షార్ప్ 11 అంటారు. ఒక్క షేప్ కదలకుండానే డి, ఎఫ్, జి, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ ఐదింటికీ పనికొచ్చింది. మీ స్నేహితుణ్ణి ఆ కార్డ్ పట్టుకోమని, మీరు శ్రుతిపెట్టె మీద ఇవి ఒక్కొక్కటే మార్చి చూడండి. కళ్లు మూసుకుని వింటే కార్డ్ మారిందనే అనుకుంటారు.

ఆ పాటంతా డి ఖరహరప్రియలో 16 బార్లు, అర్ధస్వరం పైకి వెళ్లి ఇ ఫ్లాట్‌లో 8, మళ్లీ డి లో 8. గిటార్ మీద షేప్ ఒక ఫ్రెట్ పైకి జరిపి, దించడమే. పియానో జవాబుగా వేసే రెండు కార్డ్‌లు కావాలంటే ×-7-7-7-8-7 నుంచి ×-5-5-5-6-5కు దిగండి.

*

ప్రశ్న: డిమినిష్డ్ 7 షేప్ ఒక్కటి వస్తే పన్నెండూ వచ్చినట్టే అంటారు. నిజమా?
– నిజామాబాద్

నిజం. దాని నాలుగు స్వరాల మధ్య దూరాలన్నీ మూడేసి అర్ధస్వరాలు. కాబట్టి 3 ఫ్రెట్లు జరిపితే మళ్లీ అవే స్వరాలు వస్తాయి. అసలు వేర్వేరు డిమినిష్డ్ 7లు మూడే ఉన్నాయి. ×-×-3-4-3-4 పట్టండి: ఎఫ్, బి, డి, ఎ ఫ్లాట్. ఇది బి డిమినిష్డ్. జి బేస్ మీద జి 7 ఫ్లాట్ 9 కూడా ఇదే. ఇందులో ఏ ఒక్క స్వరాన్నైనా అర్ధస్వరం దించితే, దించిన స్వరమే రూట్‌గా ఒక డామినెంట్ 7 పుడుతుంది. ఎ ఫ్లాట్‌ను దించితే (×-×-3-4-3-3) జి 7, బి ని దించితే (×-×-3-3-3-4) బి ఫ్లాట్ 7, ఎఫ్‌ను దించితే (×-×-2-4-3-4) ఇ 7, డి ని దించితే (×-×-3-4-2-4) డి ఫ్లాట్ 7. నాలుగు డామినెంట్లను విడివిడిగా నేర్చుకోవడం కన్నా ఇది తేలిక.

*

ప్రశ్న: రోజుకు 20 నిమిషాలే దొరుకుతాయి. షెల్స్ ఏ వరసలో సాధన చెయ్యాలి?
– సికింద్రాబాద్

సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి, ఇ, ఎ, డి, జి. ఈ చతుర్థాల చుట్టలో రోజుకు రెండు శ్రుతులు, ఒక్కోదాంట్లో 2-5-1. ఆరు రోజులకు చుట్ట పూర్తవుతుంది, ఏడో రోజు బ్లూస్. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 60కి పెట్టి ఆ దెబ్బలను 2, 4 బీట్లుగా వినండి. 1, 3 మీ కాలితో మీరే వేసుకోవాలి. మొదటి వారం దెబ్బ ఎప్పుడూ 1 మీదికి జారిపోతూ ఉంటుంది. జారినప్పుడల్లా ఆపి, ‘ఒకటి’ అని పైకి అని మళ్లీ మొదలుపెట్టండి. పదకొండు సార్లు సరిగ్గా వచ్చి పన్నెండోసారి తప్పిన శ్రుతి ఏదో రాసి పెట్టుకుని మర్నాడు దానితోనే ప్రారంభించండి. గిటారిస్టులకు సాధారణంగా అది జి ఫ్లాట్ అవుతుంది.

*

ప్రశ్న: మా బృందంలో బేస్ గిటార్, కీబోర్డు, నేను గిటార్. నేను షెల్స్ వాయించడం మొదలుపెట్టాక శబ్దం చిక్కబడింది. తేలిక కావాలి కదా?
– కాకినాడ

ముగ్గురూ ఒకే స్వరాన్ని కొడుతున్నారు కనుక. మీ 6, 5 తీగల రూట్ సరిగ్గా బేస్ గిటార్ దారిలో పడుతోంది. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా కింద అది పెద్ద అలగా కొట్టుకుంటుంది. షెల్‌లోంచి రూట్ తీసేసి 4, 3 తీగల జంట మాత్రమే ఉంచండి: 3-5, 3-4, 2-4. కీబోర్డు వాద్యకారుణ్ణి మధ్య సి కి పైన ఉండమనండి.

జాజ్ పియానిస్టు కౌంట్ బేసీ బృందంలో 1937 నుంచి 1987లో చనిపోయేదాకా గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ యాంప్లిఫయర్ లేని గిటార్‌తో, బార్‌కు నాలుగు దెబ్బలతో అంత పెద్ద బృందాన్ని నడిపాడు. చెయ్యి మూడు తీగల షేప్‌లో ఉన్నా, చాలాచోట్ల నిజంగా మోగేది 4వ తీగ మీది ఒక్క స్వరమే, మిగతావి వేళ్ల కింద నొక్కుడు పడీపడకుండా టక్కుమని ఆగిపోతాయి. మీరూ ఒక పాట ఆ ఒక్క తీగతోనే వాయించి రికార్డు చేసుకోండి. ఎఫ్, ఎఫ్, ఇ. ఆ రికార్డులో కార్డ్ మార్పు తెలుస్తోందంటే 3వ తీగ అవసరమైన చోట మాత్రమే కలపండి. తెలియకపోతే కీబోర్డువారు అవే స్వరాలు ఇంకా కిందే వాయిస్తున్నారని అర్థం.